గొట్టంలో పడవ మేకు

"బ్లాక్ చేసేస్తే ఏం కాదంటండీ" అనే మాట వింటే నాకు ఇప్పటికీ అరికాలి మంట నెత్తికెక్కుతుంది. మొన్న ఎండల్లో బందరు నుంచి ఒకతను మా కొట్టుకి వచ్చి అచ్చంగా ఆ మాటే అన్నాడు. చిలకలపూడిలో రోల్డుగోల్డు నగల పని అతనిది. తాతగారి నాటి తెల్ల అంబాసిడర్‌ని బాగు చేయించి పెళ్ళి ఫొటోలకి అద్దెకిస్తున్నాడట. ఈ రోజుల్లో పెళ్ళికూతుళ్ళకి పాత కారు పక్కన నిలబడితేనే ఫొటో బాగా వస్తుందట. అదీ పెట్రోలు బండి, ఇంజను మార్చని బండి. గుడివాడలో పాత బండ్ల సామాన్లు నా దగ్గరే దొరుకుతాయని ఎవరో చెబితే, దారి పొడుగునా ఆగి రేడియేటర్లో నీళ్ళు పోసుకుంటూ వచ్చాడు. బానెట్ ఎత్తి చూశాను. డిస్ట్రిబ్యూటర్ పక్కన ఉండే చిన్న డబ్బా నుంచి కార్బురేటర్‌కి వెళ్ళాల్సిన సన్నటి రబ్బరు గొట్టాన్ని సగంలో తెగ్గోసి, దాని నోట్లో స్క్రూ ఒకటి బిగించారు. "ఇదేంటి బాబూ?" అన్నాను. "డబ్బాలో పొర చిరిగిందంటండీ. ఆ పార్టు ఇప్పుడు దొరకదు, గొట్టం బ్లాక్ చేసేస్తే ఏం కాదు అన్నాడండీ మెకానిక్" అన్నాడు. అతని తప్పేం లేదు. అయినా నిలబెట్టి తిట్టాను. కొట్లో పనిచేసే అమ్మాయి మంచినీళ్ళు తెచ్చి నా చేతిలో పెట్టేదాకా తిడుతూనే ఉన్నాను.

ఆ డబ్బా సంగతి తెలియనివాళ్ళకి రెండు ముక్కలు చెప్పాలి. పెట్రోలు ఇంజన్లో ఏ సిలిండర్‌కి ఎప్పుడు నిప్పురవ్వ అందించాలో చూసుకునేది డిస్ట్రిబ్యూటర్. రవ్వ పడగానే లోపలి పెట్రోలంతా ఒక్కసారి అంటుకోదు, కాస్త వ్యవధి తీసుకుంటుంది. అందుకని పిస్టన్ పూర్తిగా పైకి రాకముందే రవ్వ పడాలి. ఎంత ముందు అన్నది బండి నడకని బట్టి ఉంటుంది. చదును రోడ్డు మీద తేలిగ్గా పోతున్నప్పుడు ఇంకాస్త ముందు పడాలి, గట్టిగా తొక్కి బరువు లాగిస్తున్నప్పుడు అంత ముందు పడకూడదు. ఆ తేడా కనిపెట్టేది ఈ డబ్బా. ఇంజను గాలి పీల్చుకునే బలం గొట్టంలోంచి వచ్చి డబ్బాలోని పొరని లాగుతుంది, పొర ఒక కడ్డీని లాగుతుంది, కడ్డీ డిస్ట్రిబ్యూటర్ లోపలి పళ్ళాన్ని రవ్వంత తిప్పుతుంది. దాన్నే వాక్యూమ్ అడ్వాన్స్ అంటారు. మా అమ్మ పొయ్యి ముట్టించినట్టు అని చెబుతాను నేను, అడిగినవాళ్ళకి. మావయ్య పడవ మీద చేపల వేటకెళ్ళినవాళ్ళకి వంట మా ఇంట్లోనే జరిగేది. పడవ ఒడ్డుకి వచ్చే వేళకి అన్నం దిగాలి. గాలి వాలుగా ఉన్న రోజున అమ్మ పొయ్యి ముందే ముట్టించేది, ఎదురుగాలి రోజున నిదానించేది. గుమ్మంలో నిలబడి, చీర కొంగు ఎటు ఎగురుతోందో చూసి కట్టెలు సర్దేది. గొట్టం మూసేశామంటే గుమ్మం మూసేసినట్టే. పొయ్యి రోజూ ఒకే వేళకి ముట్టుకుంటుంది. అన్నం ఉడకదని నేనూ అనను. కట్టెలు తగలబడతాయి, కూడు చల్లారిపోతుంది, తినేవాడు తిట్టుకుంటూ తింటాడు.

మాది దివిసీమలో పాలకాయతిప్ప వెళ్ళే దారిలో ఒక పల్లె. ఊరంతా వేట మీద బతికేవాళ్ళే. మా నాన్న కోటేశ్వరరావు ఒక్కడే వేటకి పనికిరాలేదు. ఆయనకి సముద్రం పడదు. పడవ ఏరు సముద్రంలో కలిసే మొగ దాటి అలల్లోకి వెళ్ళిందంటే కడుపులో ఉన్నదంతా కక్కేసి పడవ అడుగున చుట్టుకుపోయేవాడు. వేట మానుకుని బందరులో లారీ డ్రైవర్ల వెంట తిరిగి బండి నేర్చుకున్నాడు. మా అమ్మని చేసుకుని ఇల్లరికం వచ్చాడు. ఇల్లరికం అల్లుడికి ఎలాగూ మర్యాద తక్కువే, పైగా సముద్రం పడని అల్లుడు. చావడి దగ్గర కూర్చున్నవాళ్ళు "ఏం బావా, ఇవాళ నేల ఊగట్లేదు కదా" అని పరాచికాలాడేవాళ్ళు. ఆయన నవ్వి ఊరుకునేవాడు. నోట్లో నాలుక లేని మనిషి అని అమ్మ మెచ్చుకోలుగా చెప్పుకునేది. చిన్నప్పుడు నాకూ అది మెచ్చుకోలుగానే వినిపించేది.

మావయ్య మా అమ్మకి అన్న, ఊరికి కులపెద్ద. రెండు పడవలున్న ఆసామి. ఇంటి వెనక సరుగుడు చెట్ల దగ్గర కొత్త పడవలు కట్టేవాడు. మధ్యాహ్నం పూట అన్నం తిని, బోర్లించిన పడవ మీద కూర్చుని చుట్ట ముట్టించేవాడు. పంచె మడతలో ఎప్పుడూ గుప్పెడు పడవ మేకులుండేవి. మామూలు మేకులు కావు, నాగాయలంకలో కమ్మరి చేత ప్రత్యేకంగా కొట్టించినవి. నలుపలకలుగా, పొట్టిగా, తల వంకరగా ఉండేవి. ఎవరైనా తగువు తీర్చమని వస్తే, ఒక మేకు తీసి రెండు వేళ్ళ మధ్య తిప్పుతూ వినేవాడు. తిప్పడం ఆగిందంటే తీర్పు అయిపోయిందన్నమాట. ఆయన చుట్ట వాసనా, పడవ కింద మరుగుతున్న తారు వాసనా, దడి మీద ఆరేసిన సావిడాయ చేపల వాసనా కలిసి మా ఇంటి వాసన. తలుచుకుంటే ముక్కుకి ఇప్పటికీ తగులుతుంది. మంచి వాసన అని కథల్లో రాస్తారే, అలాంటిదేం కాదు. 

ముదినేపల్లి వైపు వరి చేలు తవ్వి రొయ్యల చెరువులు చేస్తున్న రోజులవి. మా ఊరి ఆడవాళ్ళు తెల్లవారకముందే పాయల్లో నడుము లోతు నీళ్ళలో దిగి, సన్న వల లాగి రొయ్య పిల్లల్ని పట్టేవాళ్ళు. వెంట్రుక ముక్కల్లా ఉంటాయి, కళ్ళు మాత్రం నల్లటి చుక్కలు. దాన్నే సీడు అనేవాళ్ళం. నేనూ ఇంటర్ అయ్యాక అమ్మతో దిగేదాన్ని. ఊరందరి సీడూ మావయ్య షెడ్డుకి చేరేది. తెల్ల చిప్పలతో లెక్కబెట్టి, ప్లాస్టిక్ సంచుల్లో నీళ్ళతో పోసి, పైన ఆక్సిజన్ నింపి మూతి బిగించేవాళ్ళు. వాటిని చెరువులకి చేర్చడానికి మావయ్య పాత పెట్రోలు అంబాసిడర్ కొని, వెనక సీటు పీకించి, తడిపిన గోనెలు పరిపించాడు. నాన్నకి స్టీరింగ్ అప్పజెప్పాడు. ఆ రోజు నుంచి ఊళ్ళో ఆయన పేరు డ్రైవరుగారు. వెనక నుంచి వెక్కిరించినవాళ్ళే ఎదురొచ్చి "అవనిగడ్డ దాకా ఎక్కించుకుంటారా డ్రైవరుగారూ" అనేవాళ్ళు. నాన్న తెల్ల చొక్కా వేసుకోవడం మొదలుపెట్టాడు. ఉప్పుగాలికి రేకు తినేస్తుందని, తాగడానికి తెచ్చుకున్న మంచినీళ్ళలోంచి ఒక బిందె తీసి రోజూ సాయంత్రం బండి తుడిచేవాడు. అమ్మ గొణిగేది, తన బిందె మాత్రం ఆయనకే ఇచ్చేది.

ఆదివారాలు బానెట్ ఎత్తి నన్ను పక్కన నిలబెట్టుకునేవాడు. డిస్ట్రిబ్యూటర్ మూత విప్పి, రవ్వ పుట్టించే పాయింట్ల మధ్య సందు చూపించేవాడు. కార్బురేటర్ వైపు నుంచి ఆ సన్న గొట్టం ఊడదీసి నా నోటికిచ్చి "పీల్చమ్మా" అనేవాడు. పీలిస్తే లోపలి పళ్ళెం కొద్దిగా కదిలేది. "ఇప్పుడు నాలిక అడ్డం పెట్టు. నాలిక్కి అతుక్కుని ఉండాలి. జారిపోయిందంటే పొర చిరిగినట్టు" అనేవాడు. రబ్బరూ పెట్రోలూ కలిసిన ఆ రుచి నాకు భలే నచ్చేది. అమ్మ చూసి "ఆడపిల్ల చేత పెట్రోలు నాకిస్తున్నావా, రేపు అన్నయ్య ఇంట్లో ఇదే వండి పెడుద్దా" అనేది. మావయ్య కొడుకు శీనుబావకి నన్నివ్వాలని నేను ఉయ్యాల్లో ఉన్నప్పుడే అనుకున్నారు. అది మా ఇంట్లో సంబంధం కాదు, వాతావరణం. ఎండ ఉన్నట్టు, ఉప్పుగాలి ఉన్నట్టు అదీ ఉండేది. నన్నెవరూ అడగలేదు, అడగాలని నాకూ అప్పటికి తోచలేదు.

గొడవ కిరసనాయిలుతో మొదలైంది. మా వైపు కొన్ని పడవ మోటార్లు పెట్రోలుతో లేపి, వేడెక్కాక కిరసనాయిలు మీద నడుపుతారు. మావయ్యకి తెలిసిన ఇంజను అదే. ఒకరోజు పడవలకొచ్చిన కిరసనాయిలు డబ్బా తెచ్చి కారు ట్యాంకులో వంపబోయాడు. నాన్న అడ్డం వెళ్ళాడు.

"ఇది దానికి పడదు బావా. ఇంజను కొట్టుకుంటది."

"పడవ మోటారు తాగట్లా? పెట్రోలుతో లేపి దీని మీద నడిపించట్లా?"

"దాన్ని దీనికోసమే చేశారు. ఇది అలా చేసింది కాదు."

"సముద్రంలో పోయే మోటారు తాగుద్ది, రోడ్డు మీద పోయేది తాగదా? దీనికి కూడా నీలాగే పడదా ఏంటి?" అన్నాడు మావయ్య. చుట్టూ ఉన్నవాళ్ళు విరగబడి నవ్వారు. నాన్న పక్కకి తప్పుకున్నాడు.

ఆ తర్వాత బండి ఎక్కితే చాలు, యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా ఇంజన్లోంచి చిల్లర నాణేల డబ్బా ఊపినట్టు చప్పుడు. తక్కువరకం నూనె తనంతట తానే ముందుగా భగ్గుమంటుంటే వచ్చే చప్పుడు అది. పులిగడ్డ దగ్గర వంతెన ఎక్కుతుంటే జనం తలలు తిప్పి చూసేవాళ్ళు. కొన్నాళ్ళకి ఒక పొద్దున బండి తీస్తే ఆ చప్పుడు చాలావరకు లేదు. మావయ్య మీసం మీద చెయ్యేసుకుని "అవనిగడ్డలో ఒకడు చిట్కా చెప్పాడు. నీ చదువంతా ఎందుకయ్యా డ్రైవరూ" అన్నాడు. నాన్న బానెట్ ఎత్తాడు, చూశాడు, దించేశాడు. నన్ను పిలవలేదు. అప్పటి నుంచి ఆదివారం పాఠాలు ఆగిపోయాయి. బండికి లాగుడు పోయింది, నూనె ఎక్కువ తాగేది, పామర్రు చేరేసరికి వేడి ముల్లు ఎర్రగీత దాటేది. ఏమైందని అడిగితే "పాతదైపోయిందమ్మా" అన్నాడు.

ఆ వేసవిలో ఒక రోజు సీడు సంచులు బిగించేసరికే ఎండెక్కింది. ఊరి ఆడవాళ్ళు వారం పైగా పాయల్లో నాని పట్టిన సీడు అది. సంచులు దొర్లకుండా చూడటానికి వెనక గోనెల మీద నేను కూర్చున్నాను. చల్లపల్లి దాటాక బానెట్ సందుల్లోంచి ఆవిరి మొదలైంది. నాన్న ఆపి, తలపాగా తడిపి రేడియేటర్ మూత మీద వేసి, చల్లారేదాకా నిలబడి నీళ్ళు పోశాడు. మళ్ళీ కదిలాం. పామర్రు దగ్గర మళ్ళీ ఆగింది. ఆయన రోడ్డు పక్క కాలవకి డబ్బా పట్టుకుని పరుగెత్తడం, కాలు జారి పడటం, మోకాలు చెక్కుకుపోయి మళ్ళీ పరుగెత్తడం నేను చూశాను. నా తలమీద ఓణీ తీసి తడిపి సంచుల మీద కప్పాను. గుడివాడ దాటి ముదినేపల్లి చెరువు గట్టు మీద సంచి విప్పేసరికి నీళ్ళు వెచ్చగా ఉన్నాయి. బతికున్న సీడు నీటికి ఎదురు ఈదుతుంది. ఇవి అడుగున తెల్లగా, ఉప్మా రవ్వలా పేరుకుపోయి ఉన్నాయి. చెరువు మనిషి వేలు పెట్టి కలిపి చూసి "తీసుకెళ్ళండి" అన్నాడు. 

ఊళ్ళో తుఫాను షెల్టరు కింద పంచాయితీ పెట్టారు. ఆడవాళ్ళంతా స్తంభాల అవతల నిలబడ్డారు. వాళ్ళ కాళ్ళు ఉప్పునీళ్ళకి పాచిపోయి ఉన్నాయి. వాళ్ళకి జవాబు చెప్పాల్సింది మావయ్య. కానీ కులపెద్ద జవాబు చెప్పే ఆచారం ఎక్కడుంది. మేకు తిప్పుతూ కూర్చుని "పామర్రులో బండి ఆపి చెట్టు నీడన పడుకున్నాడు. ఎండకి సీడు ఉడికిపోయింది. నాకు అక్కడివాళ్ళు చెప్పారు" అన్నాడు. ఎంత నిదానంగా అన్నాడో. "అబద్ధం, నేను బండిలోనే ఉన్నా" అని లేచాను. అమ్మ నా ఓణీ చెంగు పట్టి కిందకి లాగింది. "పంచాయితీలో ఆడపిల్లేంటి" అని ఎవరో కసిరారు. పెద్దాయన ఒకాయన "కోటేసూ, నువ్వు చెప్పయ్యా. పడుకున్నావా?" అని అడిగాడు. ఆ మనిషి నిజంగానే అడిగాడు, వినడానికి సిద్ధంగానే ఉన్నాడు. నాన్న మావయ్య వంక చూశాడు, అమ్మ వంక చూశాడు, చివరికి నా వంక చూశాడు. "బండి చూసుకోవాల్సింది నేను. తప్పు నాదే" అన్నాడు. మావయ్య వేళ్ళ మధ్య మేకు ఆగిపోయింది. బండి తాళం వెనక్కి ఇచ్చెయ్యాలి, ఆడవాళ్ళ నష్టం తీరేదాకా మావయ్య పడవ మీద వేటకెళ్ళాలి. సముద్రం పడనివాడికి అంతకన్నా పెద్ద శిక్ష లేదని అక్కడున్న ప్రతివాడికీ తెలుసు. కొందరు నవ్వారు కూడా.

వేటకెళ్ళిన మొదటి రోజు ఆయన్ని ఇద్దరు రెక్కలు పట్టుకుని ఇంటికి తెచ్చారు. పెదాలు తెల్లగా ఉప్పు కట్టి ఉన్నాయి. అమ్మ మజ్జిగలో నిమ్మకాయ పిండి చెంచాతో పోసింది. మర్నాడు మళ్ళీ వెళ్ళాడు, ఆ మర్నాడు మళ్ళీ. వెళ్తే అలవాటవుద్దని అందరూ అన్నారు. అవలేదు. కొందరికి ఎప్పటికీ అవదు. తెల్ల చొక్కాలు అమ్మ మడిచి పెట్టెలో పెట్టేసింది. డ్రైవరుగారూ అన్న నోళ్ళే మళ్ళీ పాత పాట అందుకున్నాయి.

కిరసనాయిలు తాగి తాగి ఇంజను పాడైతే, మావయ్య దాన్ని పీకించి డీజిల్ ఇంజను వేయించాడు. పాత ఇంజను సరుగుడు చెట్ల కింద పడేశారు. కట్టెలకని అటు వెళ్ళినప్పుడు చూశాను. పాత నేస్తం కనిపించినట్టయి, డిస్ట్రిబ్యూటర్ మీది ఆకులు దులిపి, అలవాటుగా గొట్టం ఊడదీసి నోట్లో పెట్టుకుని పీల్చాను. ఏమీ రాలేదు. గొట్టం నొక్కి చూస్తే మధ్యలో గట్టిగా తగిలింది. పళ్ళతో చీల్చాను. లోపల మేకు ఉంది. నలుపలకల మేకు, వంకర తల. అలాంటి మేకు మెకానిక్ దగ్గరుండదు. దివిసీమలో అలాంటివి ఒక్క పంచె మడతలోనే ఉంటాయి. రవ్వ ఎప్పుడు పడాలో చెప్పే దారి మూసేసి, కిరసనాయిలు చప్పుడు వినపడకుండా చేసుకున్నాడు. వేడంతా ఇంజన్లో దాచి, ఆ ఇంజను మా నాన్న చేతికిచ్చాడు.

పరుగున ఇంటికొచ్చి, చాప మీద పడుకుని ఉన్న నాన్న ముఖం ముందు మేకు పెట్టాను. గెలిచాననుకున్నాను. ఆయన చూసి కళ్ళు మూసుకున్నాడు.

"తెలుసమ్మా."

"ఎప్పటి నుంచి?"

"చప్పుడు ఆగిన రోజు నుంచి. ఒకసారి తీసేశాను. మళ్ళీ పెట్టాడు. ఇంకోసారి తీస్తే బండి దిగమన్నాడు."

"మరి పంచాయితీలో ఎందుకు చెప్పలేదు? ఆ పెద్దాయన అడిగాడుగా. చెప్పమని అడిగాడుగా."

నాన్న గోడ వైపు తిరిగాడు. అమ్మ పొయ్యి దగ్గర నుంచే, కట్టె ఎగదోస్తూ, చాలా మామూలుగా చెప్పింది. "నలుగురిలో అన్నయ్య పరువు తీస్తే నీ సంబంధం ఏమవుద్దే? నీకోసమే ఊరుకున్నాడు పిచ్చిదానా."

నాకోసం. నేను అడగని పెళ్ళి కోసం, నాకు ఇష్టమో కాదో ఎవరూ కనుక్కోని పెళ్ళి కోసం ఆయన కడుపు చించుకుని కక్కుతున్నాడు. ఆ లెక్కలో నన్ను రాసుకున్నారు, నాకు చెప్పలేదు. ఇలాంటి త్యాగాల గురించి కన్నీళ్ళు పెట్టుకుని రాసేవాళ్ళుంటారు. నాకు కన్నీళ్ళు రాలేదు, కోపం వచ్చింది. మావయ్య మీద వచ్చిన కోపం కన్నా ఆ చాప మీద గోడ వైపు తిరిగిన వీపు మీద ఎక్కువ వచ్చింది. దొంగ దొంగతనం చేస్తాడు, అది వాడి పని. ఇంట్లోవాడు తలుపు తీసి పక్కన నిలబడటం ఎవరి పని?

మావయ్య పడవ దగ్గరే ఉన్నాడు. కొత్త పడవ పక్కబల్లలు బిగిస్తున్నాడు, పనివాళ్ళూ చుట్టూ ఉన్నారు. అరచేతిలో మేకు పెట్టి చాపాను. "ఇది కారు గొట్టంలో దొరికింది మావయ్యా" అన్నాను, అందరికీ వినబడేలా. ఆయన తీసుకుని ఎండకి పెట్టి చూశాడు. తుప్పు గోటితో గీకాడు. "మంచి మేకు. పారేసుకున్నాననుకున్నా" అన్నాడు. బల్ల మీద ఆనించి, సుత్తి తీసుకుని, మూడు దెబ్బల్లో తల దాకా దిగ్గొట్టేశాడు. దాని మీద తారు పూసేశాడు. పనివాళ్ళు తలలు వంచుకుని పని చేసుకుంటున్నారు. "ఇంకేంటమ్మా?" అన్నాడు, ఎంతో ప్రేమగా.

"శీనుబావని నేను చేసుకోను" అన్నాను.

నవ్వాడు. చిన్నపిల్ల అలిగిందన్నట్టు నవ్వాడు. ఆ వారమే గుడివాడలో మా పిన్ని ఇంటికి వచ్చేశాను. తిరిగి రమ్మని అమ్మ ఎన్నో కబుర్లు పంపింది, శాపనార్థాలూ పంపింది. నేను ఒక సామాన్ల కొట్లో చీటీలు రాసే పనికి చేరి, బేరింగ్ పేర్లూ గాస్కెట్ పేర్లూ నేర్చుకుని, చివరికి అదే కొట్టు నాదయ్యేదాకా వెనక్కి చూడలేదు. ఏ సంబంధం కోసం ఆయన నోరు మూసుకున్నాడో ఆ సంబంధం ఎలాగూ పోయింది. అయినా నాన్న వేట మానలేదు. మానమని చెప్పేవాడు లేడు, మానేస్తానని చెప్పే నోరు ఆయనకి లేదు. ఆ కొత్త పడవ మీదే ఏళ్ళ తరబడి వెళ్ళాడు. నేనిచ్చిన మేకు ఏ బల్లలో ఉందో నాకు తెలుసు. దాని పక్కనే కూర్చుని ఆయన వాంతి చేసుకుంటూ ఉంటాడని తలుచుకుంటూ ఇక్కడ గుడివాడలో నేను అన్నం తినేదాన్ని.

ఇప్పుడు ఆ ఊళ్ళో సీడు పట్టేవాళ్ళు లేరు, సంచుల కార్లూ లేవు. ఇప్పటి బండ్లలో రవ్వ సంగతి కంప్యూటరు చూసుకుంటుంది, ఎవరూ గొట్టంలో మేకు కొట్టక్కర్లేదు. కాలం మారిందని కొట్టుకొచ్చేవాళ్ళు నాతో అంటుంటారు. బండి మారింది. చప్పుడు ఎక్కడి నుంచి వస్తోందో చూడకుండా, చప్పుడు చేసేదాని నోరు నొక్కే బుద్ధి మారిందా అని నేనడుగుతాను. ఆఫీసుల్లో చూశాను, ఇళ్ళల్లో చూశాను. మూసేస్తే ఏం కాదు అనేవాడు ఎప్పుడూ వేడి తగలని చోట కూర్చుని ఉంటాడు.

మావయ్య పోయిన ఏడాది పోయాడు. అమ్మ అంతకు ముందే పోయింది. అమ్మ పోయాక నాన్నని నా దగ్గరికి తెచ్చేసుకున్నాను. కొట్టు వెనక గదిలో ఉంటాడు. పగలు కుర్చీలో కూర్చుని పాత సామాన్లు గుడ్డతో తుడుస్తాడు. కిరసనాయిలుతో కడిగితే జిడ్డు తొందరగా పోతుంది నాన్నా అంటే వినడు, ఆ డబ్బా ముట్టుకోడు. మేమిద్దరం ఆ పంచాయితీ గురించి మాట్లాడుకోలేదు. మావయ్య పోయిన కబురు తెలిసినప్పుడు మాత్రం "పాపం, చెయ్యి తిరిగిన పడవ మేస్త్రీ" అన్నాడు. రెండు రోజులు నేను ఆయనతో మాట్లాడలేదు.

బందరు అతన్ని తిట్టడం అయ్యాక, పై అటకలోంచి నూనె కాగితంలో చుట్టి దాచిన వాడని పాత సరుకు డిస్ట్రిబ్యూటర్ దింపాను. అతని దాంట్లో పొరే కాదు, ఇరుసు కూడా అరిగి ఊగుతోంది. మూత విప్పి, లోపల తిరిగే రోటర్ ఎటు చూస్తోందో ఇంజను మీద సుద్దతో గీసుకున్నాను. అది మరిచిపోయి తీస్తే మళ్ళీ రవ్వ వేళ దొరకబుచ్చుకోవడానికి తలప్రాణం తోకకొస్తుంది. "మళ్ళీ చెప్పేదాకా సెల్ఫ్ కొట్టకు" అని అతనికి చెప్పి, బిగింపు వదులు చేసి పాతది పైకి లాగాను. కొత్తదాన్ని దింపబోతుంటే నాన్న వెనక నుంచి వచ్చి చెయ్యి చాపాడు. ఇచ్చాను. గొట్టం ఒకటి తొడిగి నోట్లో పెట్టుకుని పీల్చాడు. పళ్ళులేని బుగ్గలు లోపలికి పోయాయి. పళ్ళెం కదిలింది. నాలిక అడ్డం పెట్టి చాలాసేపు అలాగే ఉన్నాడు. తీసి "పట్టింది" అన్నాడు.

బిగించి, సందు సరిచేసి, దీపం పెట్టి టైమింగ్, అంటే రవ్వ పడే వేళ, చూసుకున్నాను. ఇంజను నున్నగా తిరిగింది. అతని ముఖం వెలిగిపోయింది. అప్పుడు నాన్న మడ్‌గార్డ్ మీద నేను తీసిపెట్టిన పాత గొట్టం ముక్కని చూశాడు. దాని నోట్లోంచి స్క్రూ లాగి, రెండు వేళ్ళ మధ్య తిప్పాడు.

"ఇదెవరు పెట్టారు?"

"మెకానిక్కండీ" అన్నాడు అతను.

"పేరు?"

అతను నా వంక చూశాడు. "పోనీలెండి తాతగారూ. బండి బాగైందిగా."

"పేరు లేదా అతనికి?" అన్నాడు నాన్న. ఆ గొంతు నేను పుట్టి బుద్ధెరిగాక వినలేదు. లోపల బిల్లులు రాస్తున్న అమ్మాయి బయటికి వచ్చి చూసింది. అతను కంగారుపడి ఏదో పేరు చెప్పాడు.

"వెళ్ళి అడుగు. వాడొక్కడూ ఉన్నప్పుడు అడక్కు. నలుగురూ ఉన్నప్పుడు అడుగు. ఎందుకు మూశావని అడుగు." నాన్న స్క్రూని అతని అరచేతిలో పెట్టి వేళ్ళు ముడిచాడు. "నేను అడగలేదు" అన్నాడు. మెల్లగా లోపలికి వెళ్ళి తన కుర్చీలో కూర్చుని గుడ్డ అందుకున్నాడు.

షెల్టరు కింద అమ్మ నా ఓణీ పట్టి లాగిన రోజు నుంచి ఆ మాట కోసం ఎదురుచూశాను. ఇన్నేళ్ళకి అన్నాడు. వినాల్సిన మావయ్య లేడు. నిజంగా అడిగిన ఆ పెద్దాయనా లేడు. పాచిన కాళ్ళతో స్తంభాల అవతల నిలబడ్డ ఆడవాళ్ళలో ఎందరున్నారో తెలియదు. విన్నది నేనూ, బిల్లులు రాసే అమ్మాయీ, ముక్కూ మొహం తెలియని ఒక బందరు మనిషీ. అతని ముందు ఏడవడం ఇష్టం లేక బానెట్ కిందకి తల దూర్చి, బిగించిన బోల్టునే మళ్ళీ బిగించాను.